కాలి కింది గంట

మా ఊళ్ళో గుర్రాలు లాగే బండ్లు పోయి కరెంటు ట్రాములు వచ్చిన రోజున, జనం పెళ్ళికి వెళ్ళినట్టు ముస్తాబై చూడ్డానికి వెళ్ళారట. సరస్సు ఒడ్డున ఊరు అంత పొడవునా సాగిందంటే ఆ పట్టాల పుణ్యమే. తర్వాత ఇంటికో కారొచ్చింది, పట్టాలు అందరికీ అడ్డమైపోయాయి. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం మనం.

మార్టిన్ హొచెవార్ ముప్పయ్యేళ్ళు ట్రాము నడిపాడు. వేగమూ బ్రేకూ చేతుల్లో ఉండేవి, కుడికాలి కింద గంట ఉండేది. ఎవరైనా అడ్డొస్తే చెయ్యి బ్రేకు తిప్పేది, కాలు గంట తొక్కేది. అతను ఆలోచించే పనే లేదు. ట్రాములు ఎత్తేసి బస్సులు వేస్తున్నారని తెలిశాక, పింఛనుకి ఇంకా కొన్నేళ్ళున్నా, ఇంట్లో కూర్చుంటానన్నాడు.

అతని బావమరిది రూడీ మా ట్రాము డ్రైవర్లందరికీ బస్సు నేర్పేవాడు. యూనియన్ సభలో బస్సులే కావాలని గొంతు చించుకున్నదీ అతనే.

"ఇంట్లో కూర్చుంటే అక్క నీచేత బంగాళాదుంపల తొక్కు తీయిస్తుంది బావా. రా, ఇట్టే నేర్పేస్తాను," అన్నాడు.

నేర్చుకునేటప్పుడు కుక్క అడ్డొచ్చినా చాలు, మార్టిన్ కాలు దబ్బున నేలని తన్నేది.

"గంట ఎప్పుడో ఇంటికెళ్ళిపోయింది బావా! నీ కాలికెవరూ చెప్పలేదా?" అనేవాడు రూడీ. వెనక కూర్చున్న మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం.

శిక్షణ ఆఖరి రోజున ఆ కాలు నేలమీద కాకుండా యాక్సిలరేటర్ మీద పడింది. బస్సు ఒక్క గెంతు గెంతింది. ఎవరూ నవ్వలేదు.

"నాకిది రాదురా రూడీ. వదిలెయ్యి," అన్నాడు మార్టిన్.

"అలవాటైపోతుందిలే బావా," అని రూడీ అతన్ని పాస్ చేసేశాడు. అక్క ఇల్లు గడవాలి, అది నిజమే. బస్సుల కోసం అంత అరిచినవాడి సొంత బావే బస్సు నడపలేకపోయాడంటే పరువు పోతుంది, అదీ నిజమే. రెండోదే పెద్ద నిజం.

మంచు కరిగిన రోజుల్లో, చర్చి మూల దగ్గర, రొట్టెల సంచీతో ఓ ముసలావిడ రోడ్డు మీదికి దిగింది. మార్టిన్ కాలు గంటనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. బస్సు ఆవిడ మీదికి దూకింది. ప్రాణం దక్కింది గానీ ఆవిడ మళ్ళీ నడవలేదు.

విచారణలో అధికారి రూడీని అడిగాడు. "నేర్పేటప్పుడు మీకు ఏదైనా లోపం కనిపించిందా?"

చెబితే తప్పు సగం తన మీదికొస్తుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అంతా బావ నెత్తిన పడుతుంది.

రూడీ నోరు తెరిచేలోపు మార్టినే అందుకున్నాడు. "వాడు బాగానే నేర్పాడండీ. తప్పు నా కాలిది. గంట కొట్టాననే అనుకున్నాను. విని ఆవిడ ఆగుతుందనుకున్నాను."

"నాకేం కనబడలేదండీ," అన్నాడు రూడీ.

మార్టిన్‌ని పింఛను లేకుండా తీసేశారు.

ఆ ఆదివారం రూడీ అక్క అక్రోటు రొట్టె కోసి, పెద్ద ముక్క రూడీ పళ్ళెంలో వేసింది. "నువ్వు పట్టుబట్టి చేర్చబట్టే కదరా, ఆ కొన్నాళ్ళయినా జీతం వచ్చింది. నీ మేలు మర్చిపోను తమ్ముడూ."

మార్టిన్ పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాడు. బయట వీధిలో పట్టాలు పీకుతున్నారు. శిక్షణ ఆఖరి రోజు సంగతి చెప్పేద్దామనుకున్నాడు రూడీ.

"అక్కా..."

"ఏంట్రా?"

"ఇంకో ముక్క వెయ్యి," అన్నాడు.