వల కింద సిల్వీ

అంతర్యుద్ధం రోజుల్లో, బానిసత్వం నిలబెట్టాలని పోరాడే దక్షిణాది సైన్యానికి తుపాకులూ, బూట్లూ, దుప్పట్లూ దిగేది విల్మింగ్టన్ రేవులోనే. ఆ రేవుకు కాపలా ఏటి మొగ దగ్గర ఇసుకతో పోసిన కోట. ఆ ఇసుక మోసిన బానిసల్లో సిల్వీ ఒకతె. ఆమె మొగుడు కేటో కోటలోని దొరలకు చేపలు పట్టిపెట్టేవాడు. పడవెక్కినవాడు పారిపోకుండా పెళ్ళాం ఒడ్డునే ఉండాలని దొరల కట్టడి. ఎదురుగా సముద్రంలో ఉత్తరాది యుద్ధనౌకలు కాపు కాసేవి. వాటిని చేరుకున్న బానిసను వెనక్కి పంపరని కోటలో అందరికీ తెలుసు.

ఆ పొద్దున పొగమంచు దట్టంగా పట్టింది. సిల్వీ కేటో పడవలో తడివల కింద ముడుచుకు పడుకుంది. కాపలా సిపాయి బూట్ల చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది.

"ఏరా, మీ ఆడది ఏది?"

"బుట్ట పట్టుకుని ఇసక్కాడికి పోయిందండి."

"నిన్న తెచ్చిన చేప పిల్లి కూడా ముట్టలేదు. ఇవాళన్నా పెద్దది పట్రా."

"పడితే పెద్దదే పడుద్దండి, దొరా."

వల కింద సిల్వీ పెదవి కొరుక్కుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

ఏటి మొగ దాటేసరికి మంచు ఒక్కసారిగా విడిపోయింది. వెనక కోటలో బూర మోగింది. సిల్వీ వల తోసేసి లేచి, రెండో తెడ్డు అందుకుంది.

"ఎంత దూరం వచ్చాం?"

"ఎనక్కి చూడమాక. తెడ్డెయ్యి."

ఫిరంగి పేలింది. గుండు పక్కనే పడి ఇద్దరినీ నిలువునా తడిపింది. పడవ బొంగరంలా తిరిగి నిలదొక్కుకుంది.

"నీ కోసం ఫిరంగి పేల్చారే," అన్నాడు కేటో రొప్పుతూ. "గొప్పింటిదానివైపోయావు."

"నోరు మూసుకుని తెడ్డెయ్యవయ్యా."

రెండో గుండు బాగా వెనక పడింది. మూడోది పేలలేదు.

పడవ ఉత్తరాది నౌక పక్కకు చేరగానే పైనుంచి తాళ్ళ నిచ్చెన జారింది. పైకి చేరాక సిల్వీ అక్కడే తాళ్ళ చుట్ట పక్కన కూర్చుంది. నెరిసిన గడ్డపు నావికుడొకడు వేడి కాఫీ గిన్నె చేతిలో పెట్టాడు.

"నీ పేరేంటమ్మా?"

"సిల్వీ అండి."

"ఇంటిపేరు?"

ఆమె కేటో వైపు చూసింది. వాళ్ళకున్నది యజమాని పేరే. "అది ఇంకా అనుకోలేదండి," అంది.

"తొందరేం లేదు. ముందు తాగు."

కోటలో వాళ్ళు తాగేది చిలగడదుంప మాడ్చి కాచిన కషాయం. ఇది అసలైన కాఫీ. ఆఖరి చుక్కదాకా తాగి, గిన్నె కేటోకు అందించబోతే, అతను అప్పటికే కడుపులో తిప్పి నౌక అంచు కమ్మీ మీదికి వంగి ఉన్నాడు.

"పుట్టింది మొదలు నీళ్ళ మీదే బతికావు, నీకేమొచ్చిందయ్యా?"

"ఇంత పెద్ద పడవ ఎప్పుడెక్కానే?"

సిల్వీ కడుపుబ్బ నవ్వింది. తర్వాత తాళ్ళ చుట్ట మీద తల ఆన్చి, నడిమధ్యాహ్నపు ఎండలో, ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఆమెను ఎవరూ లేపలేదు.