అంచులో కుట్టిన ఇనుము

తలలో జరిగేదాన్ని బయటినుంచే చూసే మిషన్ అంటే సింహాచలమ్మకు మొదటినుంచీ గిట్టలేదు. చూసే డాక్టర్ న్వే ఎవరి మనిషో ఎవరికి తెలుసు? సైనిక పాలన వద్దంటూ ఊరేగింపులకు వెళ్లిన పిల్లల కోసం సైనికులు తాముండే సంచౌంగ్ పేటలో ఇల్లిల్లూ గాలిస్తున్నారు. కూతురు జయంతీ అలా వెళ్లిన పిల్లే. అక్కడే మూర్ఛ వచ్చి పడిపోయింది కూడా.

“మెదడు పనిచేస్తున్నప్పుడు తల చుట్టూ సన్నటి అయస్కాంత శక్తి పుడుతుంది. మూర్ఛ ఎక్కడ మొదలవుతోందో దాన్నిబట్టి తెలిస్తే ఆపరేషన్‌తో నయం చేయొచ్చు,” అంది డాక్టర్ న్వే బర్మా భాషలో. “మిషన్‌ను చల్లగా ఉంచే హీలియం దేశంలోకి రావడం ఆగిపోయింది. ఉన్నది ఈ పూటకే. ఒంటిమీద లోహం ఉండకూడదు.”

ఎందుకో అంత తొందర! సింహాచలమ్మ మూతి తిప్పుకుంది.

జయంతి కమ్మలు, పట్టీలు, జడపిన్నులు అన్నీ తీసేసింది. నడుముకు లుంగీలా చుట్టుకున్న తమైను పై అంచులో తల్లి కుట్టిన మేకు సంగతి ఆమెకు తెలియదు. గంజాం నుంచి బర్మాకు వచ్చిన తాతల నాటినుంచీ ఆ ఇంట్లో మూర్ఛ వస్తే చేతిలో ఇనుప తాళాలు పెడతారు. ఇనుము ఉన్నచోటికి ఏ చెడూ రాదు, మిషనైనా సరే అనుకుంది సింహాచలమ్మ.

“పడిపోయినప్పుడు పక్కన ఎవరున్నారు?” అని అడిగింది డాక్టర్. “ముందు ఏ చెయ్యి కదిలిందో వాళ్లు చూసి ఉంటారు.”

సింహాచలమ్మ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది, రెండోది పట్టించుకోలేదు. పేర్లు కావాలన్నమాట! “ఎవులూ నేరు సయామా,” అంది డాక్టరమ్మతో పెడసరంగా.

మందపాటి లోహపు గదిలో జయంతిని కూర్చోబెట్టి, డాక్టర్ తెర ముందుకు వచ్చింది. గీతలు పిచ్చిగా ఎగిరిపడుతున్నాయి.

“ఊపిరి తీసినప్పుడల్లా ఇలాగే. ఎక్కడో ఇనుము ఉంది. ఒక్కసారి చూడమ్మా.”

“నేదంతన్నాను కదా!”

ఇంతలో కింద బూట్ల చప్పుడు. డాక్టర్ న్వే జయంతిని గదిలోంచి బయటికి లాగి, తల్లీకూతుళ్లను వెనక మెట్లవైపు నెట్టి తలుపు గడియ పెట్టింది.

“ఎవరొచ్చారిక్కడికి?” లోపల ఎవరో గద్దించారు.

“ఎవరూ రాలేదు.”

చెంప పేలిన చప్పుడు. మళ్లీ డాక్టర్ గొంతే, “ఎవరూ రాలేదు.”

సింహాచలమ్మ కూతుర్ని పట్టుకుని మెట్లు దిగింది. డాక్టర్‌ను పట్టుకుపోయారని మర్నాడు బజారులో విన్నాక, ఇంటికొచ్చి తమైను కుట్టు విప్పింది. “నానే సెడగొట్టీసినానే అమ్మా,” అని ఏడ్చింది. జయంతి ఆ మేకును చేతిలోకి తీసుకుని చూసింది.

వారం తిరక్కుండానే మళ్లీ మూర్ఛ వచ్చింది. అలవాటుగా తాళాలగుత్తి అందుకోబోయి సింహాచలమ్మ ఆగింది. పిల్ల తల ఒళ్లో పెట్టుకుని రెప్ప వేయకుండా చూసింది. ఎడమ చేతి బొటనవేలు. ముందు కదిలింది అదే.

ఆ సంగతి అడిగిన డాక్టర్ ఎక్కడుందో, ఎవర్ని అడిగినా చెప్పలేదు.