పధ్నాలుగేళ్ల నాటి కొలత

నేను ఒక ఆది జాకెట్టును. అంటే ఒంటి మీద వేసుకునే జాకెట్టునని మీరు అనుకుంటే పొరబాటు. వేసుకోవడానికి మామూలు జాకెట్లు ఉన్నాయి. ఒక స్త్రీకి ఉన్న పదింటిలో ఏదో ఒకటి భుజం దగ్గర జారకుండా, చంకలో పట్టకుండా, నడుం దగ్గర పైకి లేవకుండా అచ్చంగా అమరుతుంది. అలా అమరిన నేరానికి దాన్ని ఆమె మళ్లీ తొడుక్కోదు. మడతపెట్టి బీరువాలో దాచి, కొత్త గుడ్డ కొన్నప్పుడల్లా దాన్ని తోడిచ్చి దర్జీకి పంపుతుంది. బాగా పనిచేసినందుకు పనిలోంచి తప్పించి, తక్కినవారి పనికి ప్రమాణంగా కూర్చోబెట్టడమన్నమాట. మనుషుల కార్యాలయాల్లోనూ ఇదే పద్ధతి నడుస్తున్నదని తరువాత విన్నాను.

నేను పుట్టింది గోదావరి కాలువ పక్కనున్న ఒక పట్టణంలో. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి బస్టాండువారు నొచ్చుకుంటారు. ఆ బస్టాండుకు ఎదురుగా ఒక మేడ ఉంది. ఆ మేడ మీద, కిటికీ పక్కన, నూకరత్నం కుట్టుమిషను. పధ్నాలుగేళ్ల కిందట హైమావతి అనే ఇరవై నాలుగేళ్ల యువతి వక్కపొడి రంగు గుడ్డ చేతపట్టుకుని ఆ మెట్లెక్కింది. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగం ఆమెకు వచ్చింది. మొదటిరోజుకు కొత్త జాకెట్టు కావాలి.

"మైకు ముందు మిమ్మల్ని ఎవరు చూస్తారండి, గదిలో కూర్చునేదానికి?" అంది నూకరత్నం టేపు విప్పుతూ.

"చూడరు. కానీ ఇక్కడ పట్టేసినట్టుంటే గొంతు సరిగా రాదండి" అని హైమావతి తన పక్కటెముకల మీద చెయ్యి వేసుకుంది.

ఆ మాటకు నూకరత్నం ఎంత సంతోషించిందో నా కుట్లు చూస్తే తెలుస్తుంది. నన్ను తొడుక్కునే హైమావతి మొదటిసారి మైకు మీట నొక్కింది. "ప్రయాణీకులకు గమనిక. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లు బస్సు మూడవ ప్లాట్‌ఫారముపై సిద్ధంగా ఉన్నది." పల్లీలు అమ్మేవాడు సైతం ఒక్క క్షణం అరవడం మాని విన్నాడు. ఆ సాయంత్రమే నాకు ఆది పదవి దక్కింది.

పదేళ్లపాటు నా మాటకు తిరుగులేదు. ఏడాదికి నాలుగైదు జాకెట్లు నా ప్రకారమే పుట్టాయి. అన్నీ అమరాయి. ప్రమాణంగా ఉన్నవారికి కలిగే జబ్బు నాకూ కలిగింది: నేను ఆమె ఒంటిని బట్టి తయారయ్యానన్న సంగతి మరిచిపోయి, ఆమె ఒళ్లే నన్ను బట్టి నడుస్తున్నదని నమ్మసాగాను.

పదకొండో ఏట ఒక జాకెట్టు బిగుతైంది. తరువాతిదీ అంతే. హైమావతి రెండూ పట్టుకొచ్చి బల్ల మీద పడేసింది. "మీ చెయ్యి మారిపోయిందండి నూకరత్నంగారూ. ఆది ఇచ్చాను కదా, చూసి కుట్టడానికేం?" నూకరత్నం నన్ను ఆ రెండింటి మీద పరిచి చూపించింది. వెంట్రుకవాసి తేడా లేదు. "ఆదికి ఆదే ఉందండి" అంది. అంత కచ్చితంగా కుట్టిన దర్జీని ఎవరైనా మెచ్చుకుంటారు. హైమావతి దర్జీని మార్చింది.

రెండో దర్జీ నన్ను కొలిచాడు, కుట్టాడు, మాట పడ్డాడు. మూడో ఆమె కూడా నన్నే కొలిచి మాట పడింది. ముగ్గురూ నమ్మకంగా పనిచేశారు. ముగ్గురిలో ఒక్కరూ మెట్లెక్కి వచ్చిన మనిషి వంక టేపు తిప్పలేదు. ప్రమాణపత్రం చేతికి అందాక మనిషిని ఎవరు చూస్తారు?

ఇలా దర్జీల చుట్టూ తిరగడం వల్ల బీరువాలో ఉండవలసిన నాకు ఆమె చేతిసంచిలోనే కాపురమైంది. అందువల్ల నాకు తెలియకూడని సంగతులు చాలా తెలిశాయి. దువ్వెన నిండా జుట్టు వస్తున్నదని తెలిసింది. బోరు నీళ్ల వల్ల అన్నారు. రోహిణి కార్తెలో తోటివాళ్లు ఫ్యాను కింద కూర్చుని విసురుకుంటుంటే ఆమె కొంగు కప్పుకుని వణికేది. రక్తం తక్కువ, బీట్‌రూట్ తినమన్నారు. మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టగానే నిద్ర ముంచుకొచ్చేది. ఫోను చూడటం తగ్గించమన్నారు. అరచేతుల చర్మం సున్నం ఆరిన గోడలా పొడిబారింది. సబ్బు మార్చమన్నారు. నెలసరి చెప్పిన తేదీకి రావడం మాని, వచ్చినప్పుడు పదిరోజులదాకా వదిలేది కాదు. ముప్ఫై ఎనిమిదేళ్లకే "ఆ వయసు దగ్గరపడింది కదమ్మా" అని ఒక పెద్దావిడ తేల్చేసింది. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బేది. అది మాత్రం బాగుందట, కళ వచ్చిందట.

గమనించారా? ప్రతి లక్షణానికీ ఒక దోషి దొరికాడు. బోరు, సబ్బు, ఫోను, వయసు. ఒక మనిషికి సంబంధించిన దరఖాస్తులన్నీ ఏడు బల్లల మీద ఏడుగురు పెట్టుకుని, ఎవరిది వారు పరిష్కరించి పంపేసినట్టు. అన్నిటినీ ఒక బల్ల మీదకు చేర్చి చూద్దామని ఎవరికీ తోచలేదు. హైమావతికీ తోచలేదు. ఆమె తనను తానే సోమరిపోతునని తిట్టుకోవడం మొదలుపెట్టింది, బయటివాళ్ల పని కొంత తగ్గించడానికి.

ఆమె భర్త వీరభద్రం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మంచివాడు. లోకంలోని సమస్యలన్నీ పరుగుతో తీరతాయని నమ్మినవాడు. పరిగెత్తడం మాని తానే పదేళ్లయిందని ఆయన బెల్టు చెబుతుంది. "హైమా, రాత్రి అన్నం మానెయ్. పొద్దున్నే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టు, అంతా కరిగిపోద్ది" అన్నాడు. ఆమె అన్నం మానేసింది. రెండో రౌండులో కాళ్లు తేలిపోయి గోల్‌పోస్టు పట్టుకుని కూర్చుంది. ఈల మెడలో వేసుకుని మాస్టారు పక్కన నిలబడ్డాడు. ఆ నెలాఖరుకు ఆమె మరో రెండు కిలోలు పెరిగింది. "దొంగచాటుగా ఏదో తింటున్నావ్" అన్నాడు, ప్రేమగానే.

వీటన్నిటినీ ఆమె భరించేదేమో. గొంతు పాడైంది. అది భరించలేకపోయింది.

మొదట చివరి మాటల దగ్గర జీర వచ్చింది. తరువాత మొదటి మాట దగ్గరే వచ్చింది. బస్టాండులో ట్రాఫిక్ కంట్రోలరు భీమేశ్వరరావు మైకు మార్పించాడు. కొత్త మైకూ జీరగానే మాట్లాడింది. స్పీకరు మార్పించాడు. అదీ అంతే. ఒక సర్కారు వస్తువు పాడైందని రుజువు చేయడానికి అతను పడ్డ శ్రమలో పదోవంతు పడితే మనిషికి ఏమైందో తెలిసేది.

చివరికి అతను ఆమె గదిలోకి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "ఏటండి హైమావతిగారూ, మన డొక్కు బస్సుల కంటే ముందు మీ గొంతు బ్రేక్‌డౌన్ అయిపోయింది. పై ఆఫీసువాళ్లు కంప్యూటరు గొంతు పంపించారు. వచ్చే నెల ఒకటో తారీఖున ఆఫీసరుగారు వచ్చి రెండూ వింటారంట. అది బాగుంటే అది ఉంటది. మీరు పార్శిలు గదికి వెళ్తారు. అక్కడ మాట్లాడక్కర్లేదు, మీకూ సుఖమే."

అతను వెళ్లాక హైమావతి మైకు మీట నొక్కకుండా, రాజమండ్రి బస్సు ప్రకటన ఒకసారి మెల్లగా పైకి చెప్పుకోబోయింది. సంచిలో ఉన్న నాకు వినిపించింది. గొంతు రాజమండ్రి దాకా వెళ్లలేదు. రావులపాలెం దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు ఆమె మూడేళ్ల తరువాత నూకరత్నం మెట్లెక్కింది. సగంలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. లోపలికి వచ్చి, గుడ్డతోపాటు నన్ను బల్ల మీద పెట్టింది. "ఒకటో తారీఖుకు కావాలి. ఈసారైనా ఆది ప్రకారం సరిగ్గా కుట్టండి. ఊపిరాడని జాకెట్టు వేసుకుని నేను మాట్లాడలేను."

నూకరత్నం నన్ను తడిమి చూసింది. తన చేతి కుట్టును తాను గుర్తుపట్టింది. తరువాత తల ఎత్తి హైమావతిని చూసింది, తొందరపడకుండా. అప్పుడు ఒక పని చేసింది. నన్ను మడిచి పక్కకు నెట్టింది. పధ్నాలుగేళ్లలో నాకు జరిగిన మొదటి అవమానం అది.

"ఇది ఎవరిదండి?"

"నాదే. మీరు కుట్టిందే."

"మీదే, కాదంటల్లేదు. కానీ ఈవిడెవరో ఇరవై నాలుగేళ్ల పిల్లండి. ఆవిడ కొలతలతో మీకు కుట్టమంటే నేనెక్కడ కుట్టేది? ఇలా రండి, చేతులు పైకెత్తండి."

"టేపెందుకండి ఇప్పుడు?" అంది హైమావతి. ఆ గొంతులో జీరతోపాటు భయం కూడా ఉంది. తన కొలత తాను వినడం ఆమెకు ఇష్టం లేదు. అందుకే ఇన్నేళ్లుగా తన బదులు నన్ను పంపింది. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

నూకరత్నం అంకెలు పైకి చదవలేదు. ఛాతీ కొలిచింది, చెయ్యి కొలిచింది, ముంజేతి మీద వేలితో నొక్కి చూసింది. మెడ కొలవబోయి టేపును గొంతు దగ్గర ఆపింది. "గుటక వెయ్యండి."

"ఏంటండీ?"

"వెయ్యండి, చెప్తా."

హైమావతి గుటక వేసింది. గొంతు కింద, రెండు ఎముకల నడుమ, రేగుపండంత ఎత్తు ఒకటి పైకి లేచి మళ్లీ దిగింది. టేపు దానితోపాటు కదిలింది.

"చలేస్తదా మీకు?"

"...వేస్తుంది."

"జుట్టు?"

"రాలుతోంది. బోరు నీళ్లకి."

"నిద్ర ఆగదు. నెలసరి తేదీకి రాదు, వస్తే పోదు. తినకపోయినా లావవుతారు. గొంతు చెప్పక్కర్లేదు, నాకు కిటికీలోంచి రోజూ వినపడతానే ఉంది." నూకరత్నం తన పైట కాస్త జరిపి తన మెడ చూపించింది. "నేను డాక్టర్ని కాదండి, బట్టలు కుట్టుకునేదాన్ని. కానీ ఈ మెడ నాకు తెలుసు. నాది ఇలాగే ఉండేది. థైరాయిడు అన్నారు. గొంతులో ఉండే గ్రంథి అంట, పని మందగిస్తే ఒళ్లంతా మందగిస్తదంట. ఐదేళ్లయింది, పొద్దున్నే పరగడుపున బిళ్ల వేసుకుంటా. మీకూ అదేనని నేననను. రక్తం పరీక్ష చేయించండి, అదే చెప్తది."

"ముందు జాకెట్టు కుట్టండి. తరవాత చూస్తాను."

"ఆ కాగితం తెండి, అప్పుడు గుడ్డ మీద కత్తెర పెడతా. అందాకా మీ ఆది నా దగ్గరే ఉంటది."

ఆ విధంగా నేను బందీనయ్యాను. ఒకరి ఆరోగ్యం కోసం జాకెట్టును తాకట్టు పెట్టుకున్న దర్జీ ఆ జిల్లాలో మరొకరు ఉండరు.

నాలుగోనాడు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కాగితం మాస్టారి చేతిలో ఉంది. ఉండవలసిన అంకెకు ఎన్నో రెట్లు ఉన్న అంకె కింద గీత గీసి ఉంది. డాక్టరమ్మ మందు రాసి, లక్షణాల పట్టీ ఉన్న కరపత్రం కూడా ఇచ్చిందట. మాస్టారు దాన్ని మెట్ల మీద చదివాడు, గది మధ్యలో నిలబడి మళ్లీ చదివాడు.

"జుట్టు, నిద్ర, చలి, చర్మం, గొంతు... ఇవన్నీ ఒకటేనా హైమా?"

"ఆ. రౌండ్లు కొట్టడం ఒక్కటే ఇందులో లేదు, చూశారా" అంది ఆమె.

మాస్టారు మెడలోని ఈలను చొక్కా లోపలికి దోపుకున్నాడు. నూకరత్నం టేపు దులిపింది. "మాస్టారూ, వచ్చారు కాబట్టి మీ నడుం కూడా చూడమంటారా?"

"వద్దులెండి" అన్నాడాయన, పొట్ట లోపలికి పీలుస్తూ.

ఒకటో తారీఖున హైమావతి కొత్త కొలతల జాకెట్టుతో ఆఫీసరు ముందు నిలబడింది. గొంతు ఇంకా బాగుపడలేదు. బిళ్ల వేసుకోవడం మొదలుపెట్టి మూడు వారాలే. ఆమె డాక్టరమ్మ ఉత్తరం ఇచ్చి మూడు నెలల గడువు అడిగింది. పధ్నాలుగేళ్లు విన్న గొంతు మీద కలగని నమ్మకం ఆఫీసరుకు ఆ కాగితం మీద కలిగింది. గడువిచ్చాడు. ఆ మూడు నెలలూ ఆమె పార్శిలు గదిలో, కంప్యూటరు మైకులో.

కంప్యూటరు గొంతు తేనెలా ఉండేది. అలసట లేదు, జీర లేదు. ఒక వానరోజు ఇరుసు విరిగి గట్టు కింద పడి ఉన్న బస్సును గంటన్నరసేపు మూడవ ప్లాట్‌ఫారముపై సిద్ధంగా ఉన్నదని చెప్పింది. జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని ఖాళీ ప్లాట్‌ఫారానికేసి చూశారు. భీమేశ్వరరావు వానలో గొడుగు పట్టుకుని పార్శిలు గదికి పరిగెత్తాడు. "మీరొచ్చి ఒక్కసారి చెప్పండమ్మా, నన్ను తన్నేలా ఉన్నారు" అన్నాడు. "గడువు ఇంకా ఇరవై రోజులుందండి" అని హైమావతి ఒక మామిడిపళ్ల బుట్టకు చీటీ అంటించింది. తరువాత లేచి వెళ్లింది.

ఇవన్నీ నాకు కిటికీలోంచి, మేడెక్కి వచ్చినవాళ్ల మాటల్లోంచి తెలిశాయి. నేను తిరిగి హైమావతి ఇంటికి వెళ్లలేదు. ఆమె ఒళ్లు కొంత తగ్గింది, నా దాకా మాత్రం రాలేదు. ఇక రాదు కూడా. నూకరత్నం కొత్త ఆది కుట్టి, లోపలి పట్టీ మీద మార్కరుతో తేదీ వేసి, "ఏడాది దాటితే ఇది చెల్లదండి. అప్పుడు మీరే రావాలి" అని చెప్పి ఇచ్చింది. పాలప్యాకెట్టుకున్న జ్ఞానం ఒక జాకెట్టుకు రావడానికి పధ్నాలుగేళ్లు పట్టింది.

నా హుక్కులు తీసి సీసాలో వేశారు. వీపు భాగం కత్తిరించి కుట్టుమిషను తల కింద పరిచారు, నూనె చుక్కలు బట్టల మీద పడకుండా. నాకు బాధ లేదు. నేను ఒక్క అంకెలోనూ తప్పు చెప్పలేదు. తప్పు చెప్పి ఉంటే ఆమె నన్ను మూడేళ్ల ముందే పారేసి, తన ఒంటి కొలత చూపించుకునేది.

నూనె మరక మధ్యకు పాకుతుండగా అవతల బస్టాండులో మైకు గరగరమంది. "ప్రయాణీకులకు గమనిక." చివర కాస్త జీర మిగిలి ఉంది. "రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లు బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చును." నూకరత్నం మిషను ఆపి విన్నది. గొంతు రాజమండ్రి దాకా వెళ్లింది.