గంగమ్మ గీతలు

ఏరు గట్టు దాటి గుడియాత్తం వీధుల్లోకి వచ్చిన ఏడది. వరద తీసి నెల దాటినా ఒడ్డు వీధిలో గోడల తడి ఆరలేదు. ఏ ఇళ్ళు ఉంచాలో, ఏవి పడగొట్టాలో కొలిచి తేల్చడానికి అధికారి వస్తాడని అందరి నోటా అదే మాట. మేస్త్రీ రంగరాజులు ఉంటున్నది వాళ్ళ తాత కట్టిన ఇల్లు. అది సరిగ్గా ఒడ్డునే ఉంది. పట్టా లేదు.

అప్పుడే మనవరాలు సురేఖ వేలూరు నుంచి కెమెరాతో దిగింది. కాలేజీ పిల్లలు వేసే పత్రికకు బొమ్మలు గీసేదీ, ఫోటోలు తీసేదీ ఆ పిల్లే. ఈసారి ఎవరి వీధి చరిత్ర వాళ్ళు తెమ్మన్నారట.

“వేలూరులో అంత పెద్ద కోట ఉండాది కదమ్మా. ఈ బురదలో ఏముండాదని?” అన్నాడు రంగరాజులు.

“కోటను అందురూ తీస్తాండారు తాతా. ఈ ఇల్లు ఎవరు కట్టినారో, ఎట్ల కట్టినారో నువ్వు చెప్పు. మనం ఇన్నేండ్లుగా ఈడే ఉండామని అచ్చులో పడితే ఆ సారుకు చూపిస్తాం. అంత పాత వీధిని ఎట్ల కొడ్తారు?”

ఆ మాట ఆయన మనసుకు పట్టింది. ఎవరితోనూ నాలుగు మాటలు కలపని మనిషి, గుమ్మం పక్కన రాతి స్తంభం దగ్గర కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

ఒడ్డు వీధి మేస్త్రీల ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. వరద తీయగానే ఇంటి పెద్ద, నీళ్ళు ఎక్కినంత ఎత్తులో స్తంభం మీద ఉలితో గీత కొడతాడు. దానికి పసుపు పూసి కర్పూరం వెలిగిస్తారు. గీత ఉన్న ఇల్లు గంగమ్మ చూసి విడిచిపెట్టిన ఇల్లు. ఇక దాన్ని ఎవరూ కదిలించలేరని నమ్మకం.

“ఇది మా తాత కొట్టినాడు. ఇది మా నాయన. ఇది నేను, పెండ్లయిన ఏడు. మొన్నటిది ఇదో, నా ఎద కాడ.”

ఎత్తు తెలిసేలా ఆయన్నే పక్కన నిలబెట్టి, సురేఖ గీతలన్నీ కాగితం మీద దించింది.

“ఈ మనిషి నోరు తెరిపించను నా వల్ల కాలేదు,” అంది లోపల్నుంచి సరసమ్మ, ఆయన భార్య. “ఆ కెమెరా నాకొకటి కొనియ్యమ్మా!”

శివరాత్రి వచ్చే మాసి నెలలో పత్రిక వచ్చింది. రెండు పేజీల నిండా ఆ ఇల్లే. అధికారి కొలతలకు వచ్చిన రోజు రంగరాజులు తన చేత్తోనే దాన్ని ఆయనకిచ్చాడు.

అధికారి బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత స్తంభం దగ్గరికి వెళ్ళి గీతల మీద వేలు పెట్టాడు.

“పెరియవరే, ఇవన్నీ మీరు కొట్టినవేనా?” అని అరవంలో, పెద్దాయనా అన్న మర్యాదతో అడిగాడు.

“మేమే సార్. మా తాత కాలం నుంచి.”

“ఏరు ఎక్కడిదాకా వస్తుందని మేము వెతుకుతున్నాం. మీరు రాతి మీదే రాసి పెట్టుకున్నారు. ఇది ఏరు పారే చోటు.”

గొంతులో కోపం లేదు. వెంట వచ్చినవాడు, పడగొట్టాల్సిన ఇల్లని గుర్తుగా గోడకు ఎర్ర రంగు పూశాడు. ఆ తర్వాత వాళ్ళు కొలత టేపు చుట్టేసి, వీధిలో ప్రతి స్తంభమూ చూసుకుంటూ పోయారు. గీతలు లేని ఇల్లు లేదు.

“నీ మనవరాలు మా ఇండ్లకూ దోవ చూపించిందే, రంగరాజులన్నా. శానా సంతోషం,” అంది ఎదురింటి పాపాతి. ఆయన తల దించుకున్నాడు.

యంత్రం వచ్చిన రోజు సరసమ్మ గిన్నెలతో రోడ్డు మీద కూర్చుంది. ఇల్లు కూలడానికి ఎంతోసేపు పట్టలేదు. సురేఖ కెమెరా సంచిలోంచి తీయలేదు.

“నేనే కూల్చినాను తాతా. ఇంక కాలేజీకి పోను.”



మర్నాడు పొద్దున రంగరాజులు మనవరాలి సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచాడు. వెనక వస్తోందో లేదో తిరిగి చూడలేదు. వేలూరు బస్సులో కిటికీ పక్కన తుండుగుడ్డ వేసి చోటు పట్టాడు. ఆ పిల్ల ఎక్కి కూర్చున్నాక తుండు తీసుకుని దిగి, పని కోసం కూలీలు నిలబడే కూడలికి పోయి, వాళ్ళ వరసలో నిలబడ్డాడు.