అద్దంలో కెప్టెన్

సెలూన్ గోడకి మేకులు కొట్టి తగిలించిన టీవీని నేను. ముప్పైరెండు అంగుళాలదాన్ని. పుట్టింది ఎక్కడో పెద్ద ఊరి ఫ్యాక్టరీలో, తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఆడపిల్లల చేతుల్లో. అట్టపెట్టెలో ఊగుతూ ఊగుతూ సాలూరు చేరాను. ఎటు చూసినా లారీలే కనిపించే ఊరది. ఒక లారీల ఓనరు నన్ను కొనుక్కెళ్ళి పడగ్గదిలో పెట్టాడు. ఆయన భార్య సీరియల్ అంటే ఆయన క్రికెట్ అనేవాడు. రిమోట్ కోసం ఆ ఇంట్లో పడిన గొడవలు చెప్పుకుంటే మనకే మర్యాద కాదు. చివరికి ఆయన ఇంకో పెద్ద టీవీ కొనుక్కుని, తనకి గడ్డం గీసే గవర్రాజుకి నన్ను చవగ్గా వదిలించుకున్నాడు. టీవీ పెద్దదైతే గొడవ చిన్నదైపోతుందని మనుషులకి ఒక నమ్మకం.

గవర్రాజు నన్ను కుర్చీల వెనక గోడకి పెట్టాడు. కుర్చీలో కూర్చున్నవాడికి వెనక్కి తిరిగే వీలుండదు, మెడ మీద కత్తి ఉంటుంది కదా. అందుకని అందరూ నన్ను ఎదురుగా ఉన్న అద్దంలోనే చూసేవారు. అద్దంలో ఎడంచేతి వాటం వాడు కుడిచేతి వాటం అయిపోతాడు. స్కోరు తిరగబడి కనిపిస్తుంది. అయినా తీర్పులకి మాత్రం లోటు లేదు. "కుడిపక్కంతా ఖాళీగా వొదిలీసినాడేటి! ఈడేటి కెప్టెనండీ బాబూ!" అని లారీ డ్రైవరు ముకుందం మొహం నిండా నురగతో కేకలేసేవాడు. ఖాళీగా ఉన్నది ఎడమపక్క. ఆ సంగతి నేను చెప్పలేను, చెప్పినా వినేవాడు లేడు.

ఆ కెప్టెన్ పేరు మీకు చెప్పను. చెబితే మీరూ ఒక కుర్చీ లాక్కుని తీర్పు మొదలెడతారు. మన దేశం జట్టుకి చాలాకాలం కెప్టెన్‌గా చేశాడు, పెద్ద టోర్నమెంట్లు మూడు ఆడించాడు. ఆ మూడింటినీ ఈ కొట్లోనే చూపించాను. తీర్పు చెప్పేవాళ్ళందరికీ పెద్ద గవర్రాజు. కత్తెర గాల్లో ఆపి, దువ్వెనతో నా వైపు చూపిస్తూ, "కెప్టెనంటే ఏటనుకున్నారు?" అని మొదలెట్టాడంటే, గుండు సగంలో ఉన్నవాడు కూడా నోరు మూసుకుని వినాల్సిందే.

రెండో కుర్చీ అతని బావమరిది తవిటయ్యది. గవర్రాజు భార్య పైడితల్లికి సొంత తమ్ముడు. చెయ్యి మెత్తన, మాట తక్కువ. చంటిపిల్లల పుట్టువెంట్రుకలు తీయాలంటే ఊళ్ళో తల్లులు అతణ్ణే అడిగేవారు. కత్తి తగిలినట్టే తెలిసేది కాదు పిల్లలకి.

మొదటి టోర్నమెంటు సెమీఫైనల్ రోజు తవిటయ్య టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మన పెద్ద బ్యాట్స్‌మన్ అవుటయ్యాడు. ఖాళీ గ్లాసులు తీసుకెళ్ళడానికి మళ్ళీ వచ్చాడు, ఇంకో వికెట్ పోయింది. ముకుందం నుదురు కొట్టుకున్నాడు. "ఓర్నాయనో! ఈడు అడుగెట్టడం, వికెట్టు పడిపోడం! ఐరన్ లెగ్గురా బాబూ ఈడిది!" కొట్టంతా పగలబడి నవ్వారు. గవర్రాజు నవ్వాడు. తవిటయ్య కూడా నవ్వాడు, పాపం.

ఆఖరి ఓవరు కెప్టెన్ ఒక కొత్త బౌలరుకి ఇచ్చాడు. కొట్టేశారు, ఓడిపోయాం. మ్యాచ్ అయ్యాక కెప్టెన్ మైకు ముందుకొచ్చి, "ఓవర్ ఇచ్చింది నేను. ఆ అబ్బాయిని ఎవరూ ఏమీ అనకండి" అన్నాడు. గవర్రాజుకి ఒళ్ళు మండింది. "మెతక నాయాలు! తప్పు సేసినోణ్ణి ఎనకేసుకొస్తాడా? ఇదేనా కెప్టెన్ లచ్చనం?" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

రెండో టోర్నమెంటు నాటికి నవ్వులాట కాస్తా కట్టుబాటైపోయింది. మ్యాచ్ మొదలవగానే గవర్రాజు, "ఒరే తవిటీ, కాసేపలా బైట కూకో" అనేవాడు. బయట రేకు చూరు కింద బల్ల ఉంది. తవిటయ్య వెళ్ళి నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. మనవాళ్ళు గెలిస్తే ఆ గొప్ప అతను బయట కూర్చున్నందుకు. ఓడితే, మధ్యలో మంచినీళ్ళకి లోపలికొచ్చినందుకు. పదకొండుమంది ఆడేదీ, కెప్టెన్ ఆడించేదీ ఎవడికీ అక్కర్లేదు. దేశం గెలుపోటములన్నీ సాలూరు బల్ల మీద కూర్చున్న ఈ ఒక్కడి కాళ్ళలో ఉన్నాయట!

మ్యాచ్‌లతో ఆగితే బాగుండేది. పెళ్ళిచూపులకి వెళ్ళేవాడొకడు, "నాకు నువ్వే గీయి గవర్రాజూ" అన్నాడు. పరీక్షకి వెళ్ళేవాడూ అదే మాట. కొత్త లారీ తెచ్చుకునేవాడూ అదే. గవర్రాజు ఒక్కసారైనా, 'ఏటి మాటలివి? నా బావమరిది సెయ్యి నాకన్నా మంచిది' అనొచ్చు. అనలేదు. బేరం పోతుందని అనలేదు. పిల్లల్ని తెచ్చే తల్లులు కూడా మానేశారు. తవిటయ్య కుర్చీ మీద పాత పేపర్లు పేరుకున్నాయి. ఆ ఏడే అతని భార్యకి మొదటి కాన్పు నిలవలేదు. ఆ రోజంతా అతను ఆసుపత్రిలోనే ఉన్నాడు. తిరిగొచ్చాక పొద్దున్నే ఎవరి ఎదురూ పడకుండా వెనక తలుపులోంచి రావడం మొదలెట్టాడు. అందరూ చూశారు, ఎందుకని ఒక్కడూ అడగలేదు. నాకైతే సిగ్గేసింది. ఆరిపోదామనుకున్నాను. మా జాతికి అంత స్వతంత్రం ఎక్కడిది?

ఆ టోర్నమెంటు ఫైనల్లో కెప్టెన్ మళ్ళీ ఆ బౌలర్నే నమ్ముకున్నాడు, మళ్ళీ ఓడిపోయాం. గవర్రాజు పౌడరు డబ్బా తీసి కెప్టెన్ మొహం మీదకి విసిరాడు. తగిలింది నాకు. అప్పట్నుంచి నా ఎడమ అంచున ఒక పచ్చ గీత.

ఇక మూడోది. ఫైనల్, ఆదివారం మధ్యాహ్నం. కొట్లో కాలు పెట్టే చోటు లేదు. బయట బల్ల ఖాళీ. తవిటయ్య భార్యకి పొద్దున్నే నొప్పులొస్తే ఊరవతల ఆసుపత్రికి తీసుకెళ్ళారు, పైడితల్లి తోడు వెళ్ళింది. "ఈరోజు ఐరన్ లెగ్గు ఊరవతలుంది, కప్పు మనదే" అని ముకుందం సగం గీసిన గడ్డంతో సంబరపడిపోతున్నాడు. అతని గడ్డం గీస్తూ గవర్రాజూ నవ్వాడు.

ఆఖరి ఓవరు. మళ్ళీ అదే లెక్క, మళ్ళీ అదే బౌలరు. కెప్టెన్ బంతిని అతని చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. "మళ్ళీ ఈడికేనా! ఈ కెప్టెన్‌కి బుద్ది రాదా!" అని కొట్టంతా గోల. సరిగ్గా అప్పుడే గవర్రాజు ఫోను మోగింది. చేతులకి నురగ ఉందని మోచేత్తో స్పీకర్ నొక్కాడు.

పైడితల్లి గొంతు ఏడుస్తూ, అరుస్తూ వచ్చింది. "ఆపరేషన్ సెయ్యాలంటన్నారు. మొగుడు ఒక్కసారి కనిపిస్తే గాని లోనికెల్లనని అది మంచం పట్టుకుని ఏడుస్తంది. ఈడేమో గేటుకాడే నిలబడిపోనాడు. కాళ్ళట్టుకున్నా రాడు. నా కాలు మంచిది కాదక్కా, నానొస్తే అదీ బతకదు, బిడ్డా బతకదు అంటన్నాడు. ఎవులు నేర్పినారీ మాట నా తమ్ముడికి? సెప్పు! మీ కొట్లో కాదా?"

గవర్రాజు కత్తిని గిన్నెలో పెట్టేశాడు. అద్దంలో తన మొహం చూసుకోబోయి తల దించేసుకున్నాడు. అంతలో వెనకనుంచి ఎవడో, "ఒక్క ఓవరేగా మాస్టారూ, అయ్యాక ఎల్లొచ్చు" అన్నాడు.

"నోర్ముయ్యి!" అని గవర్రాజు అరిచిన అరుపుకి నా పక్కనున్న దేవుడి పటం కూడా కదిలింది. తర్వాత మాట దిగిపోయింది. "సిగ్గు నేదు నాకు. నా ఇంటి మనిషిని నానే వీధిలో కూకోబెట్టినాను. మీ నవ్వుల కోసం, మీ బేరం కోసం. లెగండి అందరూ. పేరు పెట్టినోళ్ళు మనం, మనమే పోయి లోనికి పిలవాల. ముకుందం, లారీ తియ్యి."

ముకుందం మెడలో తువ్వాలు కూడా తీయకుండా లేచాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో. ఒక్కొక్కడే తలొంచుకుని బయటికి నడిచాడు. లారీ బయల్దేరిన చప్పుడు వినిపించింది.

కొట్లో నేనొక్కదాన్నే. మన బౌలరు ఆఖరి బంతికి వికెట్ తీశాడు. కప్పు గెలిచాం. కెప్టెన్ పరిగెత్తుకెళ్ళి ఆ కుర్రాణ్ణి గాల్లోకి ఎత్తేశాడు. తర్వాత మైకు ముందు ఏదో చెప్పాడు కూడా, ఖాళీ కుర్చీలు విన్నాయి. ఎన్నేళ్ళ తీర్పులు! తీరా తేలే వేళకి ఒక్క జడ్జీ లేడు. ఆ కెప్టెన్ గొప్పవాడా కాదా అంటే నాకు తెలియదు. నేను చూపించేదాన్నే. కానీ అతన్ని మెతకవాడని తిట్టిన నోళ్ళలో ఈరోజు దాకా ఒక్కటి కూడా తన పక్కవాడి కోసం తెరుచుకోలేదని మాత్రం నాకు తెలుసు.

మర్నాడు ముకుందం చెబితే విన్నాను. ఆసుపత్రి గేటు దగ్గర గవర్రాజు వయసు, వరస చూడకుండా బావమరిది కాళ్ళ మీద పడ్డాడట. పదిమందీ బతిమాలి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారట. భార్య అతని మొహం చూసి, చెయ్యి గట్టిగా పట్టుకుని, అప్పుడు వెళ్ళిందట. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. "ఇంక అయిపోనాది, ఆ మాట ఎవులూ ఎత్తొద్దు" అని అందరూ ఒట్టేసుకున్నారు. ఒట్టేస్తే మాట వెనక్కి పోతుందనుకుంటారు మనుషులు.

గవర్రాజు రెండో కుర్చీ మీది పేపర్లు తీసేసి, తోలు తుడిచి, కొత్త తువ్వాలు పరిచాడు. పిల్లకి పుట్టువెంట్రుకలు తండ్రి చేత్తోనే తీయించాలని, అదీ ఈ కొట్లోనే, అందరి ముందూ జరగాలని పట్టుబట్టాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. నాలో ఏదో మామూలు మ్యాచ్ నడుస్తోంది, దాన్నెవరూ పట్టించుకోవడం లేదు. తవిటయ్య పిల్లని గుండెకి హత్తుకుని ముందు గుమ్మం దాకా వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. "రారా తవిటీ, రా" అని గవర్రాజు చేతులు చాచాడు.

తవిటయ్య మెట్టు మీదే ఆగిపోయాడు. నా వైపు చూడకుండా, పిల్ల తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎప్పటిలాగే మెల్లిగా అడిగాడు.

"మనోళ్ళు బ్యాటింగా, బావా?"

గవర్రాజు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడిపోయాడు. తవిటయ్య పిల్లని ఎత్తుకుని, గుమ్మం బయటే నిలబడి, జవాబు కోసం చూస్తున్నాడు.