టైగర్ బయటికొచ్చింది

సీసాను బల్ల మీద అడ్డంగా పడేశారు. స్టేషన్‌లోకి అడుగుపెట్టగానే నా కంటబడింది అదే. నమస్కారం పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా "ముందు దాన్ని నిలబెట్టండి!" అని అరిచాను. అరవడం నాకు కొత్త కాదు గానీ పోలీసుల మీద అరవడం అదే మొదలు.

ఎస్సై నన్ను ఎగాదిగా చూశాడు. చొక్కా మీద రంగనాథ్ అని పేరుంది. "మీరేనా అండి లక్ష్మి మేడం అంటే?"

"వెంకటలక్ష్మి. నిలబెట్టండి."

ఆయన కదల్లేదు. నేనే నిలబెట్టాను. మూతకు చిల్లులు పొడిచిన పాత హార్లిక్స్ సీసా. లోపల జిల్లేడు కొమ్మ. ఆ కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ చిక్కుడు గింజంత గూడు. నిన్నటిదాకా లేతాకుపచ్చగా, బంగారు చుక్కలతో ఉండిందట. ఇప్పుడు నల్లబడింది. అంటే లోపలిది బయటికొచ్చే టైం దగ్గరపడింది. ఊడిపడలేదు, అంతవరకు అదృష్టం.

గోడ వారన బెంచీ మీద యాదగిరి కూర్చుని ఉన్నాడు. మా ఆఫీసు క్యాబ్ డ్రైవర్. రోజూ నన్ను మణికొండలో ఎక్కించుకుని రాయదుర్గంలో దింపుతాడు. ఊరు జనగామ దగ్గర. ఆరోజు తెలంగాణ కోసం ట్యాంక్‌బండ్ మీద మార్చ్. పొద్దుటి నుంచే రోడ్లకు అడ్డంగా ముళ్లకంచెలు వేసి, దొరికిన వాణ్ని దొరికినట్టు ఆపుతున్నారు. ఆఫీసుకు సెలవిచ్చారు కదా అని సీసా నాకు చూపించడానికి బండి మీద బయల్దేరిన యాదగిరిని ఆపి, ఫోన్ లాక్కుని, మెసేజీలు చదివి, నన్నూ స్టేషన్‌కు రమ్మన్నారు.

ఎస్సై ఆ ఫోనే తీసి నాకు చదివి వినిపించాడు. "'టైగర్ తిండి బంద్ చేసిండు.' 'టైగర్ జాగ మార్చిండు.' ఇదిగో, రాత్రిది. 'టైగర్ తయారుగున్నడు. రేపు పొద్దుగాల బయటికొస్తడు.' దానికి మీ జవాబు చూడండి. 'ఎవరికీ చూపించకు. ఎక్కువ కదిలించకు. జాగ్రత్తగా నా దగ్గరికి తీసుకురా.' ఇప్పుడు చెప్పండి. ఎవరండి ఈ టైగర్?"

విడిగా అయితే నవ్వొచ్చే మాటలే. ఆ గొంతులో వింటే నన్ను నేనే అరెస్టు చేసేదాన్ని.

"సీతాకోకచిలుక సార్. దాని పేరు ప్లెయిన్ టైగర్. ఇదిగో, ఈ గూట్లో ఉండాది." కోపమొస్తే నా నోట ప్రొద్దుటూరు దానంతటదే వచ్చేస్తుంది.

"ఇందులో పులి ఉందా?" అన్నాడు ఎస్సై. పక్కనున్న కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు.

నేను చెప్పాను. పుప్పాలగూడ దగ్గర ఇంకా అపార్టుమెంట్లు కట్టని ఖాళీ స్థలంలో జిల్లేళ్లు ఉన్నాయి. వేరేవాళ్ల కోసం క్యాబ్ ఆగినప్పుడల్లా దిగి పురుగుల ఫోటోలు తీసేదాన్ని. ఒకరోజు యాదగిరి అందులో ఒక గొంగళిపురుగును కూతురి కోసం ఇంటికి తీసుకెళ్లాడు. దాని ఒంటి మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, పైన నల్లటి కొమ్ముల్లాంటివి మూడు జతలు. ఆ పట్టీలు చూసే యాదగిరి కూతురు స్రవంతి దాన్ని పులి అంది. ఒకటో తరగతి చదివే పిల్ల పెట్టిన పేరు, ఇంగ్లీషు వాళ్లు పెట్టిన పేరు ఒకటే అయ్యేసరికి ఆ పిల్ల ఎగిరి గంతేసింది. పురుగును సీసాలో పెట్టి ఇంట్లో పెంచారు. దాని సంగతులు తండ్రి రోజూ నాకు మెసేజ్ పెట్టేవాడు. అంతే కథ.

"కథ బాగుందండి," అన్నాడు ఎస్సై. "కానీ ఇవాళ కథలు నమ్మే రోజు కాదు. వ్యాన్ వస్తోంది. అందులో ఎక్కించిన వాళ్లలో మామూలు వాళ్లను సాయంత్రం వదిలేస్తారు. ఈ మెసేజీలు పైకి వెళ్లాయంటే మాత్రం కేసు రాస్తారు."

యాదగిరి ముఖం అప్పుడు పాలిపోయింది. పోలీసు కేసున్న డ్రైవర్‌ను క్యాబ్ కాంట్రాక్టరు ఒక్క రోజు కూడా ఉంచుకోడు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"ఒక పని చేయండి," అన్నాడు ఎస్సై గొంతు తగ్గించి. "ఆ గూడు విప్పి చూపించండి. లోపల రెక్కలు కనబడితే ఇప్పుడే పంపించేస్తా. వ్యాన్ వచ్చాక నా చేతిలో ఏమీ ఉండదు."

విప్పితే అది చస్తుంది. రెక్కలు లోపల తడి గుడ్డల్లా మడతపడి ఉంటాయి, ఇంకొంచెం సేపట్లో తనంతట తాను రావాల్సింది. కానీ పురుగు కోసం మనిషి బతుకు పాడు చేసేంత పిచ్చిదాన్ని కాను. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, మూత తిప్పాను.

"ఒద్దు మేడం," అన్నాడు యాదగిరి.

"నువ్వు నోరు మూసుకో."

"గీడిదాక ఒచ్చినంక చంపుతరా? నా బిడ్డకు ఏం జెప్పాలె?" అంటూ లేచి వచ్చి సీసా మీద అరచెయ్యి పెట్టాడు. బయట వ్యాన్ హారన్ మోగింది. "నేనే పోత సార్. నన్ను పొద్దుమీకి కాకుంటె రేపు ఇడుస్తరు. దానికి ఇంకో పొద్దు లేదు."

"ఉద్యోగం పోతాది, తెలుసునా నీకు?"

"ఫికర్ జెయ్యకుండ్రి. జర దాన్ని సూస్కోండ్రి."

వ్యాన్ ఎక్కాడు. తలుపు వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎస్సై మీదా, ఆ పిచ్చి మనిషి మీదా, వేలాడుతూ కూర్చున్న ఆ గూడు మీదా. రావే తల్లీ, రా, అని తిట్టినట్టే బతిమాలుకున్నాను.

వ్యాన్ వెళ్లిన కాసేపటికి గూడు కింది వైపు చిట్లింది.

ముందు నల్లటి తల, దాని మీద తెల్లటి చుక్కలు. తర్వాత కాళ్లు. ఖాళీ గూడును పట్టుకుని ఒంటిని బయటికి లాక్కుని వేలాడింది. పొట్ట ఉబ్బి ఉంది, రెక్కలు నలిగి ముద్దగా ఉన్నాయి. "ఫ్యాన్ ఆపవయ్యా," అన్నాడు ఎస్సై కానిస్టేబుల్‌తో, గుసగుసగా. ముగ్గురం ఊపిరి బిగపట్టి చూస్తుండగా రెక్కలు మెల్లగా సాగాయి. కాషాయం కలిసిన నారింజ రంగు, కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లటి పట్టీ, అంచు పొడవునా తెల్లని చుక్కలు.

"నిజమేనండి," అన్నాడు ఎస్సై. ముఖంలో రంగు మారింది. మంచివాడే పాపం, వెంటనే వ్యాన్ ఆపించాలనుకున్నాడు. వైర్‌లెస్ సెట్ అందుకుని ఆ తొందరలో అనేశాడు: "సార్, టైగర్ బయటికొచ్చింది!"

సెట్‌లోంచి పైఅధికారి పెద్ద గొంతు భగ్గుమంది.

"ఏ టైగర్? ఏ రూట్లో ఉన్నాడు? వెంట ఎంతమంది?"

"కాదు సార్, సీసాలో..."

"సీసాలా? పెట్రోల్ సీసాలా?"

ఎస్సై నుదుటి మీద చెమట పట్టింది. ఇంతలో ఇంకో గొంతు అడ్డొచ్చింది. "వ్యాన్ ఆపాం సార్. టైగర్ తాలూకు మనిషిని కిందికి దింపాం. అడుగుతున్నాం."

అడుగుతున్నాం అంటే ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు. సెట్ ఎస్సై చేతిలోంచి లాక్కున్నాను. ఏ బటన్ నొక్కానో నాకే తెలియదు. "సామీ, అది పురుగు! జిల్లేడాకు తినే పురుగు! రెక్కలొచ్చినాయి, అంతే! ఆ మనిషిని కొట్టొద్దండి, మీకు పుణ్యముంటాది!"

సెట్ గరగరలాడింది.

"రంగనాథ్," అంది పెద్ద గొంతు చివరికి. "ఊళ్లో స్టేషన్లన్నీ ఈ సెట్టే వింటున్నాయి. సీతాకోకచిలుక కోసం బలగాన్ని కదిలించామని రాస్తావా? ఎక్కడా ఒక్క ముక్క రాయకు. వాణ్ని అక్కడే వదిలేయమంటున్నా."

కుర్చీలో కూలబడ్డాను. ఎస్సై నాకు టీ తెప్పించాడు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, యాదగిరి నడిచే రావాలి.

"ఇది ఏ ప్రాంతపు పురుగండి?" అని అడిగాడు ఎస్సై, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"ఆఫ్రికాలో ఉంది, అరబ్బు దేశాల్లో ఉంది, మన దేశమంతా ఉంది. జిల్లేడు మొలిచిన చోటల్లా ఉంటుంది. ఆ ఆకులోని విషం ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు ముట్టవు. మీదే ఊరు?"

"తెనాలి అండి."

"నాది ప్రొద్దుటూరు. మన ఇద్దరికన్నా ఇదే లోకల్."

ఆయన నవ్వబోయి మానేశాడు. రెక్కలు ఆరిపోయి అది గాజుకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంకా ఉంచితే రెక్కలు చిరుగుతాయి. వదిలేద్దామని రెండుసార్లు మూత మీద చెయ్యి వేసి, రెండుసార్లూ తీసేశాను.

మధ్యాహ్నం ఎండలో యాదగిరి వచ్చాడు. చొక్కాకు రెండు గుండీలు లేవు. కింది పెదవి వాచి ఉంది.

"ఎగిరిందా మేడం?"

"నీ కోసమే ఆపినా."

స్టేషన్ మెట్ల మీద తనే మూత తీశాడు. అది సీసా అంచు మీద కాసేపు కూర్చుంది. తర్వాత తీరిగ్గా, ఎవరికీ భయపడనట్టు, రోడ్డుకు అడ్డంగా పరిచిన ముళ్లకంచె మీదుగా అవతలికి వెళ్లిపోయింది. యాదగిరి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోలేదు.

ఎస్సై లోపలి నుంచి ఫోన్ తెచ్చి ఇచ్చాడు. యాదగిరి అక్కడే నిలబడి, వాచిన పెదవిని నాలుకతో తడుపుకుంటూ, ఒక్కొక్క అక్షరం నొక్కి మెసేజ్ రాశాడు. పంపబోయి ఆగాడు. ఎస్సై దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో ఫోన్ ఆయన ముందు పట్టాడు.

"సార్, జర సదువుండ్రి. నా బిడ్డకు. గిది పంపొచ్చునా?"

టైగర్ ఎగిరిండు బిడ్డా, అని ఉంది అందులో. ఎస్సై చదివి తల వంచుకున్నాడు. యాదగిరి ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.