లోపలి వైపు ముద్ర

శుక్రవారం ఉదయం నేను ఇంకా కళ్లజోడు తుడుచుకుంటూ ఉండగానే మా యజమానురాలు తన గది తలుపు తీసుకుని వచ్చి, "బాబాయ్‌గారూ, ఒక్కసారి లోపలికి రండి" అంది. మామూలుగా అయితే ఆవిడ కుర్చీలోంచే కేకేస్తుంది. లేచి వచ్చి పిలిచిందంటే ఏదో కొంప మునిగిందన్నమాట.

ఈ టైల్స్ కార్ఖానాలో వాళ్ల నాన్నగారి హయాం నుంచీ ఎగుమతి కాగితాలన్నీ చూసేది నేనే. లోపలికి వెళ్లగానే కంప్యూటర్ తెరని నా వైపు తిప్పింది.

"మన కంటైనర్ని ఆపేశారు. అవతలి రేవులో."

"ఎందుకమ్మా?"

"టైల్స్‌తో పేచీ లేదట. పెట్టెలతోనట."

అవి ఒక పిల్లల గ్రంథాలయం గోడ కోసం చేసిన టైల్స్. పదకొండు మంది ఆడవాళ్లు మూడు నెలలు కూర్చుని చేత్తో చేపలూ, పడవలూ, పక్షులూ వేశారు. మట్టి ఒక దేశంనుంచి వచ్చింది, నీలం రంగు ఇంకో దేశంనుంచి. తీసుకెళ్లిన ఓడ ఎవరిదో, దాని మీద ఎగిరే జెండా మరెవరిదో. ఇన్ని సరిహద్దులు దాటిన సరుకు చివరికి చెక్క దగ్గర ఆగింది.

చెక్కలో పురుగు దాక్కుని ఓడెక్కితే, ఒక దేశం పురుగు ఇంకో దేశం అడవిని తినేస్తుంది. అందుకని పెట్టెలకు వాడే చెక్కను ముందుగా బట్టీలో వేడి చేయించాలి. చేయించినట్టు దాని మీద ముద్ర ఉండాలి. మేం అలాంటి ముద్ర చెక్కలే కొంటాం. కాగితాల్లో ఆ మాట రాసి సంతకం పెట్టింది కూడా నేనే. కానీ అవతల తనిఖీ అధికారి నలభై రెండు పెట్టెల చుట్టూ తిరిగి చూశాడట. ఒక్కదాని మీదా ముద్ర కనబడలేదట. సోమవారంలోగా సరైన సంజాయిషీ రాకపోతే సరుకంతా వెనక్కి.

"కొనేవాళ్లు కూడా రాశారు" అంది ఆవిడ. "గోడ పని ఆగదట. ఇది రాకపోతే వేరే దేశంలో తీసుకుంటారట. ఇక పైన కూడా అక్కడే. అదే జరిగితే, బాబాయ్‌గారూ, నేను ముందుగా మూసేయాల్సింది పెట్టెల షెడ్డు."

పెట్టెల షెడ్డు అంటే మా బావమరిది.

వాడు ముప్పై ఏళ్లు ఒక బీరువాల దుకాణంలో పనిచేశాడు. అట్టపెట్టెల్లో మడిచి పరాయి దేశాల నుంచి బల్లలూ కుర్చీలూ రావడం మొదలయ్యాక ఆ దుకాణం మూతబడింది. ఆరు నెలల కిందట నేనే మాట ఇచ్చి వాడిని ఇక్కడ చేర్పించాను. గీత పావు వెంట్రుక పక్కకు పోయినా చెక్క పక్కన పడేస్తాడని అందరూ వాడికి మిల్లీమీటరు అని పేరు పెట్టారు. వాడు ఒక్కడే సొంతంగా పెట్టెలు చేసిన మొదటి కంటైనర్ ఇది.

నేను షెడ్డుకి వెళ్లేసరికి చెవి మీద పెన్సిల్ పెట్టుకుని చిత్రిక పడుతున్నాడు.

"చెక్కల మీద నల్లటి ముద్రలుండాలి కదరా, ఏమయ్యాయి?"

"ఉన్నాయిగా."

"ఎక్కడ?"

"ఎక్కడుండాలో అక్కడే. లోపలి వైపు."

వాడు నా అజ్ఞానానికి జాలిపడినట్టు చూశాడు.

"చెక్కకొట్టు ముద్ర బయటికి పెట్టి ఎవడైనా బీరువా చేస్తాడా బావా? మంచి మొహం బయటికి, ముద్రలూ ముడులూ లోపలికి. మా మేస్త్రీ మొదటిరోజు నేర్పింది అదే."

"ఇది బీరువా కాదురా, సరుకు పెట్టె!"

"అయితే మాత్రం? పరాయివాళ్లు చూస్తారు కదాని ఇంకా శ్రద్ధగా చేశాను. స్క్రూ తలలు కనబడకుండా చెక్క బిరడాలు కూడా కొట్టాను."

పక్క గదిలో రంగులు వేసేవాళ్లకి పెద్ద, మేమంతా రంగులక్క అని పిలిచే ఆవిడ, కుంచె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "నేను చెప్పానా లేదా? వాటిని పెళ్లికూతుళ్లలా ముస్తాబు చేయకయ్యా మగడా అని! వింటేనా?"

ముద్ర సంగతి మొత్తం వివరించి చెప్పాను. చెబుతుంటే తెలిసింది, ఆరు నెలల్లో ఈ ముక్క వాడికి ఒక్కసారి కూడా చెప్పలేదని. చెక్కలొచ్చాయి, పెట్టెలు చెయ్యి అన్నానంతే. ఇంతకుముందున్న వడ్రంగికి తెలుసు కాబట్టి కొత్తవాడికీ తెలుసనుకున్నాను. తప్పులో సగం నాదే.

వాడు చిత్రిక కింద పెట్టేశాడు. "అయితే నా మూలంగా వీళ్లందరి పనీ పోతుందా బావా?" అన్నాడు మెల్లగా. రంగులక్క అప్పటిదాకా నవ్వుతున్నదల్లా ఆగిపోయింది.

మళ్లీ గదిలోకి వెళ్లేసరికి ఫోన్లో అవతలి రేవు ఏజెంటు మాట్లాడుతున్నాడు. మా ఊళ్లలోంచి వెళ్లినవాడే, ఆ మనిషి మాట తీరే హడావిడి. "దారిలో వానకి ముద్రలు చెరిగిపోయాయని రాసేయండి మేడమ్. అందరూ రాసేదే."

"అలా రాద్దామా?" అన్నట్టు ఆవిడ నా వైపు చూసింది.

"వద్దమ్మా. చెరిగిపోయాయంటే ఇక వెతకడానికి ఏమీ ఉండదు. లోపల ఉన్నాయంటే ఒక్క చెక్క విప్పితే తేలిపోతుంది. ఉన్నది ఉన్నట్టు రాద్దాం."

"మా వడ్రంగికి ముద్ర అందంగా లేదనిపించింది, లోపలికి తిప్పాడు అనా? నవ్వుతారు బాబాయ్‌గారూ."

"నవ్వితే నవ్వనీ. వెనక్కి పంపకపోతే చాలు."

ఆవిడ కీబోర్డు నా వైపు జరిపి, "రాయండి" అంది.

ఉత్తరం చదివి వినిపిస్తుంటే మా బావమరిది తలుపు దగ్గర నిలబడి, "విప్పమని రాశావు సరే, ఎలా విప్పుతారు?" అన్నాడు. "బిరడాలున్నాయని వాళ్లకేం తెలుసు? గునపం పెట్టి పెకలిస్తే టైల్స్ పగులుతాయి."

అది నాకు తట్టలేదు. వాడు ఒక అట్ట ముక్క తెచ్చి బొమ్మ గీశాడు. పెట్టెలో ఏ పక్క పలక విప్పాలి, ఏ బిరడా ముందు తీయాలి, అంచు నుంచి ఎంత దూరం, ఎన్ని చుట్లు తిప్పాలి. మాటలు లేవు, బాణాలూ అంకెలూ అంతే. ఏ భాషవాడైనా చదువుకోవచ్చు. దాని ఫొటో తీసి ఉత్తరానికి జతచేసి పంపించాం.

ఇక రెండు రోజులు అక్కడ సెలవు. చేసేదేమీ లేదు. వాడి అక్క పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచీ సెలవు రోజుల్లో వాడు మా ఇంటికే వస్తాడు. శనివారం వచ్చి బిగుసుకుపోయిన కిటికీ రెక్కలన్నీ బాగుచేశాడు. ఆదివారం సరిగ్గా ఉన్నవి కూడా విప్పాడు. కంచం ముందు కూర్చోవడం, రెండు ముద్దలు కెలికి లేవడం. నేను ఇంకో గరిటె వడ్డించేవాణ్ని, అంతే. ఏ మాట అన్నా అది "నేనున్నాను" అని చెప్పినట్టు కాక "నువ్వు చేశావు" అన్నట్టు వినబడుతుందేమోనని భయం. వాన మాత్రం ఆ రెండు రోజులూ పడలేదు. కిటికీలన్నీ విప్పి ఉన్న ఇంటికి అదొక ఉపకారం.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకి జవాబు వచ్చింది. ఆవిడ గదిలోంచి ఈసారి కుర్చీలోంచే కేకేసింది. "బాబాయ్‌గారూ! ఆ మిల్లీమీటర్ని కూడా పట్టుకురండి!"

కేకేసిందంటే కొంప మునగలేదన్నమాట.

తెర మీద ఫొటో. చేతితొడుగు వేసుకున్న చెయ్యి టార్చిలైటు పట్టుకుంది. ఆ వెలుతురులో, పలక లోపలి వైపు, నల్లటి ముద్ర. దాని పక్కనే కాగితంలో చుట్టిన టైల్ మూల ఒకటి తొంగిచూస్తోంది. కింద అధికారి రాసిన నాలుగు వాక్యాలు నేను పైకి చదివాను. మరో నాలుగు పెట్టెలు కూడా విప్పి చూశారు, అన్నిట్లోనూ ముద్రలున్నాయి. సరుకు వదిలేస్తున్నారు. ఇక మీదట ముద్ర బయట రెండు ఎదురెదురు పక్కల కనబడాలి, ఇంకోసారి మినహాయింపు ఉండదు. బొమ్మ పంపినందుకు కృతజ్ఞతలు, ఒక్క టైలూ పగలలేదు.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. మా బావమరిది మాత్రం తెర మీదికి వంగి ఫొటోనే చూస్తున్నాడు.

"బిరడాలు మళ్లీ పెట్టారా?"

"ఏమిటీ?"

"విప్పాక బిరడాలు మళ్లీ కొట్టారా అని. లేకపోతే గ్రంథాలయం వాళ్ల దగ్గరికి పెట్టె బొక్కలతో వెళ్తుంది."

ఆవిడకి నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ, "నువ్వు ఇక నుంచి ముద్ర బయట పెట్టవయ్యా, తక్కినదంతా నీ ఇష్టం" అంది.

"బయటే పెడతాను మేడమ్. కానీ వంకరగా కొడుతున్నారు ఆ చెక్కకొట్టు వాళ్లు. తిన్నగా కొట్టమని చెబుదామా?"

"చెప్పు. వెళ్లి నువ్వే చెప్పిరా."

వరండాలో రంగులక్క మా మొహాలు చూసి అడక్కుండానే లోపలికి పరుగెత్తింది. ఒక్క క్షణానికి గదిలో పదకొండు గొంతులూ ఒకేసారి లేచాయి. వాడు ఆ వైపు వెళ్లలేదు. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. కుళాయి కట్టేసి, మళ్లీ తిప్పి, మళ్లీ కడుక్కున్నాడు. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

తువ్వాల్లోంచే, "అన్నం డబ్బాలో ఏం తెచ్చావు బావా?" అన్నాడు.

"ఏదైతేనేం, రా."

షెడ్డులో చెక్కల మీద కూర్చుని ఇద్దరం నా డబ్బా విప్పాం. నా వంతు కూడా వాడే తిన్నాడు.